నిమురుతుంటే కరిచే పిల్లికూన

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇంట్లో మూడున్నర నెలల ఆడ పిల్లికూన ఉంది. తల్లి ఏమైందో తెలియదు. అయిదు వారాల వయసులో ఒంటరిగా దొరికితే ఇంటికి తెచ్చి పెంచుతున్నాము. తిండికి, నిద్రకు, హుషారుకు ఏ లోటూ లేదు. దానంతట అదే వచ్చి నా ఒళ్లో పడుకుంటుంది. వీపు నిమురుతుంటే కళ్లు మూసుకుని గురగురలాడుతుంది. రెండు నిమిషాలు గడిచేసరికి ఉన్నట్టుండి తల తిప్పి చేతిని కరుస్తుంది. కరిచి ఊరుకోదు, ముందు కాళ్లతో చేతిని వాటేసుకుని వెనక కాళ్లతో తంతూ మళ్లీ మళ్లీ కొరుకుతుంది. పొట్ట మీద చేయి వేస్తే మరీ రెచ్చిపోతుంది. వచ్చిన కొత్తలో మేమంతా చేతివేళ్లు ఆడిస్తూ దానితో ఆడేవాళ్లం, అప్పుడు కొరికినా నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు సాయంత్రమైతే తలుపు చాటున పొంచి ఉండి, నడిచేవాళ్ల మడమల మీద పడుతోంది. మా అత్తగారు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ మూతి మీద ఒక దెబ్బ వేయమంటున్నారు. తొమ్మిదేళ్ల మా అబ్బాయి, దానికి తనంటే ఇష్టం లేదేమోనని బాధపడుతున్నాడు. మేము ఎక్కడ పొరపాటు చేస్తున్నాము? పెద్దదయ్యాక ఈ అలవాటు పోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఆ పిల్లికూనకు మీరందరూ ఇష్టమే. ఇష్టం లేని పిల్లి పిలిచినా దగ్గరకు రాదు, మంచం కిందనో బీరువా వెనకనో దాక్కుంటుంది. తనంతట తానుగా వచ్చి ఒళ్లో ముడుచుకుని పడుకుంటోందంటే మిమ్మల్ని పూర్తిగా నమ్మిందని అర్థం. అది కరవడానికి కారణాలు వేరే ఉన్నాయి. మీరు ఎంత శ్రద్ధగా గమనించి రాశారంటే, ఆ కారణాలు చాలావరకు మీ ఉత్తరంలోనే దొరుకుతున్నాయి.

మీరు వర్ణించిన కాట్లు రెండు రకాలు. ఒళ్లో హాయిగా పడుకున్నది తల తిప్పి కరవడం ఒకటి. చేతిని వాటేసుకుని తన్నుతూ కొరకడం, చాటు నుంచి మడమల మీద పడటం రెండవది. మొదటిది "ఇక చాలు" అని చెప్పే కాటు, రెండవది ఆట కాటు. మీ ఇంట్లో ఈ రెండూ కలగలిసిపోతున్నాయి. చాలని చెప్పడానికి కరిచిన పిల్ల, మీ చేయి కదలగానే అదే ఊపులో ఆటలోకి దిగుతోంది. వీటిని విడదీసి చూడటం అవసరం, ఎందుకంటే ఒకదానికి పనికివచ్చే ఉపాయం రెండవదానికి పనికిరాదు.

మొదటి కాటు గురించి మీరు "ఉన్నట్టుండి" అని రాశారు. ఈ ఒక్క మాటతో నేను ఏకీభవించలేను. కాటుకు ముందు మీ పిల్ల తప్పకుండా కొన్ని సైగలు చేసి ఉంటుంది. అవి చాలా చిన్నవి, పైగా అలాంటి సమయంలో మన కళ్లు సాధారణంగా టీవీ మీదో ఫోను మీదో ఉంటాయి. ఈసారి అది ఒళ్లోకి వచ్చినప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి దాన్నే చూడండి. అప్పటిదాకా కదలక పడి ఉన్న తోక కొన ఒక్కసారి ఇటు నుంచి అటు ఆడుతుంది. మీ చేయి వెళ్లిన చోట, వీపు మీది చర్మం ఈగ వాలినట్టు సన్నగా జలదరిస్తుంది. చెవులు ముందుకు చూడటం మాని కొద్దిగా పక్కకు తిరుగుతాయి. గురగుర ఆగిపోవచ్చు. మెత్తగా ఉన్న ఒళ్లు బిగుసుకుంటుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, తల మీ చేతి వైపు సగం తిరిగి ఆగుతుంది. ఇవన్నీ అయ్యాకనే పన్ను పడుతుంది. కొన్ని పిల్లులలో ఈ వరుసంతా రెండు మూడు క్షణాలలో ముగుస్తుంది కాబట్టి అలవాటు లేని కంటికి ఏమీ జరగనట్టే ఉంటుంది. గురగురను మాత్రమే నమ్ముకుని నిమురుతూ పోవడం కూడా మంచిది కాదు. పిల్లులు సంతోషంలో గురగురలాడినట్టే, ఒంట్లో బాధ ఉన్నప్పుడు, బెదిరినప్పుడు కూడా గురగురలాడుతాయి.

హాయిగా ఉన్నది అంతలోనే చిరాకు ఎందుకవుతుందని మీరు అడగవచ్చు. పిల్లి వెంట్రుకల మొదళ్లలో స్పర్శను పసిగట్టే నరాలు ఉంటాయి. ఒకే చోట, ఒకే దిక్కున, చాలాసేపు చేయి ఆడితే ఆ తాకిడి దానికి భరించలేనిది అవుతుంది. పిల్లులు ఒకదాన్నొకటి ఎలా లాలించుకుంటాయో చూసినా ఈ సంగతి తెలుస్తుంది. అవి ఎక్కువగా తల, మెడ భాగాలనే నాకుతాయి, అదీ కాసేపే. తల నుంచి తోక దాకా పొడుగ్గా, పదే పదే నిమరడం మన పద్ధతే తప్ప వాటి పద్ధతి కాదు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో కూడా, తోక మొదలు దగ్గర తాకినప్పుడే పిల్లులు ఎక్కువ చిరాకు చూపాయని తేలింది. చాలా పిల్లులకు హాయినిచ్చే చోట్లు బుగ్గలు, గడ్డం కింద, కంటికీ చెవికీ మధ్య వెంట్రుకలు పలచగా ఉండే భాగం. అక్కడ వాసన గ్రంథులు ఉంటాయి. పిల్లి వచ్చి మన కాళ్లకు, కుర్చీ కోళ్లకు ముఖం రుద్దేది ఆ చోట్లతోనే.

పొట్ట సంగతి వేరుగా చెప్పాలి. పిల్లికూన వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే నిమరమని అడుగుతోందని అనుకుంటాము. మీ దగ్గర తనకు భయం లేదని మాత్రమే అది చెబుతోంది. పొట్ట దాని ఒంట్లో అన్నిటికంటే మెత్తని, రక్షణ లేని భాగం. అక్కడ చేయి పడితే నాలుగు కాళ్లూ పళ్లూ ఒకేసారి మూసుకుపోవడం పుట్టుకతో వచ్చిన గుణం. పొట్టను ముట్టుకోవద్దని మీ అబ్బాయికి తప్పక చెప్పండి.

ఇక చేయవలసిన పని. అది ఒళ్లోకి వచ్చినప్పుడు వెంటనే చేయి వేయకుండా, వేళ్లు మడిచి దాని ముక్కుకు కాస్త దూరంలో ఉంచండి. వాసన చూసి, బుగ్గ ఆనించి రుద్దితే నిమరవచ్చు. ముఖం తిప్పుకుంటే అలాగే పడుకోనివ్వండి. నిమరడం మొదలుపెట్టాక మూడు నుంచి అయిదు క్షణాలలో మీరే ఆపి, చేతిని కొంచెం వెనక్కు తీసుకోండి. ఇంకా కావాలంటే అది తలతో మీ చేతిని నెడుతుంది. నెట్టకపోతే ఆ పూటకు అంతే. నేను ఇచ్చే సలహాలన్నింటిలో ఇది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అయినా ఎక్కువ ఇళ్లలో పనిచేసింది ఇదే, ఎందుకంటే తల తిప్పితే చేయి ఆగుతుందని ఒకసారి అర్థమైన పిల్లకు పళ్లు వాడే అవసరం ఉండదు. 2021లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి సూచనలనే కొందరికి ముందుగా నేర్పి, ఒక సంరక్షణ కేంద్రంలోని పిల్లుల దగ్గరకు పంపి చూశారు. తాకాలో వద్దో పిల్లికే వదిలేయడం, దాని సైగలు గమనించడం, దానికి నచ్చే చోటనే తాకడం, ఈ మూడింటినీ పాటించినప్పుడు పిల్లులు తక్కువగా తిరగబడ్డాయి, ఎక్కువ చనువు చూపాయి.

నా దగ్గర పన్నెండేళ్లు బతికిన ఒక పిల్లి ఉండేది. బుగ్గల మీద ఎంతసేపు గోకినా కళ్లు తెరిచేది కాదు. వీపు మీద మాత్రం దాని లెక్క ఆరు సార్లు, ఏడోసారి చేయి వెళితే తోక లేచేది, ఎనిమిదోసారి పన్ను దిగేది. ఆ లెక్క తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. తెలిశాక అది మళ్లీ ఎప్పుడూ నన్ను కరవలేదు. మీ పిల్ల లెక్క ఎంతో మీరే కనిపెట్టాలి.

రెండవ కాటుకు, అంటే ఆట కాటుకు, మూలం దాని బాల్యంలో ఉంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు నాలుగో వారం నుంచి ఒకదానిమీద ఒకటి పడి ఆడుకుంటాయి. ఒకటి గట్టిగా కొరికితే రెండవది కీచుమని అరిచి ఆట మానేస్తుంది, తల్లిని కొరికితే తల్లి కాలితో నొక్కి పట్టడమో లేచిపోవడమో చేస్తుంది. ఎంత గట్టిగా కొరికితే ఆట చెడుతుందో, గోళ్లు ఎప్పుడు లోపలికి ముడుచుకోవాలో పిల్లలు నేర్చుకునేది అక్కడే. మీ పిల్లకు అయిదో వారంలోనే ఆ బడి మూతపడింది. 2017లో ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం వారు దాదాపు 6,000 పెంపుడు పిల్లుల యజమానుల నుంచి వివరాలు సేకరించి, ఎనిమిది వారాలు నిండకముందే తల్లికి దూరమైన పిల్లులలో కరిచే, తిరగబడే స్వభావం ఎక్కువగా ఉందని తెలిపారు. పిల్లలను పద్నాలుగు వారాల దాకా తల్లి దగ్గర ఉంచడం మేలని వారి సూచన. ఒంటరిగా దొరికిన పిల్ల విషయంలో మీ తప్పేమీ లేదు, మీరు తీసుకురాకపోతే అది బతికేదే కాదేమో. అయితే తల్లి, తోబుట్టువులు నేర్పవలసిన పాఠం ఇప్పుడు మీరు నేర్పాలి. దాని బదులు, తెలియక, వేళ్లు ఆడించి చేయి అంటే ఆటవస్తువని నేర్పారు. చాలామంది చేసే పనే ఇది. ఆరు వారాల పిల్ల కొరుకుడు ముద్దుగానే ఉంటుంది.

ఈ రోజు నుంచి ఇంట్లో ఎవరి చేయీ, ఎవరి కాలూ ఆటకు వాడకూడదు. నలుగురూ పాటించి అయిదోవారు దుప్పటి కింద వేళ్లు కదిపితే మిగిలిన నలుగురి శ్రమా వృథా అవుతుంది, ఎందుకంటే అప్పుడప్పుడు మాత్రమే ఫలించే పనిని ఏ జంతువూ తొందరగా వదులుకోదు. కరిచినప్పుడు చేయి గుంజుకోకండి. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అంటారు కదా, ఆ చెలగాటంలో గింజుకునే ఎలుక ఎలాగో, గుంజుకునే చేయి కూడా దానికి అలాగే. గింజుకున్న కొద్దీ అది మరింత గట్టిగా పట్టుకుంటుంది, పంటి గాటు కాస్తా చీరుకుపోయిన గాయమవుతుంది. చేతిని కదల్చకుండా వదులుగా ఉంచండి, వీలైతే వెనక్కు కాక దాని నోటి వైపే కొద్దిగా జరపండి. ఎర ఎప్పుడూ అలా ఎదురు రాదు కాబట్టి అది తికమకపడి పట్టు వదులుతుంది. వదిలిన వెంటనే అరవకుండా, తిట్టకుండా లేచి ఒక నిమిషం పాటు దాన్ని పట్టించుకోకుండా ఉండండి. కొరికితే ఆట ఆగిపోతుందన్న పాఠం దానికి ఇలాగే అందుతుంది.

అత్తగారి మాటలో సగం నిజం ఉంది. మొక్కగా ఉన్నప్పుడే వంచాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఇప్పుడు మొదలుపెట్టినంత తేలికగా ఏడాది తర్వాత సాధ్యం కాదు. దెబ్బ మాత్రం వద్దు. మూతి మీద దెబ్బ పడితే ధైర్యం గల పిల్ల దాన్ని కుస్తీకి పిలుపుగా తీసుకుని ఇంకా గట్టిగా కరుస్తుంది. బెరుకు గల పిల్ల మనిషి చేతిని చూస్తేనే ముడుచుకుపోయి, ఆ తర్వాత సైగ ఏదీ చేయకుండానే కరవడం నేర్చుకుంటుంది. మెడ పట్టి ఎత్తడం, ముఖం మీద నీళ్లు చిమ్మడం కూడా ఇలాంటివే. అత్తగారికి ఇవన్నీ చెప్పి, తోక కొనను గమనించే పని ఆవిడకే అప్పగించి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఓపిక, నిలకడ ఎక్కువ. ఆ సైగలు వారికే ముందుగా కనిపిస్తాయని నా నమ్మకం.

చేతితో ఆట మాన్పిస్తే సరిపోదు, దానికి బదులు ఆట ఇవ్వాలి. ఈ వయసులో వేటాడాలన్న కోరిక తిండి, నిద్రలంత బలంగా ఉంటుంది. పిల్లులు సహజంగా తెల్లవారుజామున, సందె వేళ చురుగ్గా ఉండే జంతువులు, మడమల మీద దాడి సాయంత్రమే జరగడానికి కారణం అదే. ఆ వేళకు కొంచెం ముందే మీరు ఆట మొదలుపెట్టండి. పొడుగాటి కర్రకు దారం కట్టి, దాని చివర ఈకనో గుడ్డ ముక్కనో వేలాడదీసి, నేల మీద ఎలుక పరుగెత్తినట్టు, మంచం చాటుకు దూరినట్టు లాగుతూ ఆడించండి. దాని ముఖానికి ఎదురుగా ఊపవద్దు, ఎర ఎప్పుడూ పారిపోవాలి. పది పదిహేను నిమిషాల ఆట రోజుకు రెండు మూడుసార్లు చాలు. మధ్యమధ్య పట్టుకోనివ్వండి, చివర్లో తప్పకుండా దొరకనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. పొంచడం, వెంటాడటం, దూకి పట్టడం, కొరకడం, తినడం అన్న వరుస పూర్తయితే పిల్లి ఒళ్లు నాక్కుని నిద్రపోతుంది. గోడ మీద వెలుతురు చుక్క ఆడించే ఆటలో పట్టుకోవడానికేమీ దొరకదు కాబట్టి అది పిల్లలో అసహనం పెంచవచ్చు. ఆట అయ్యాక దారం కట్టిన కర్రను దానికి అందకుండా దాచండి. మింగిన దారం పేగులను ముడుతలు పడేలా లాగి, కోసి, ప్రాణం మీదకు తెస్తుంది.

దీనితోపాటు, దాని ఒంటి పొడుగుకు సరిపడే గుడ్డబొమ్మ ఒకటి కుట్టి ఇవ్వండి. పాత మేజోడులో గుడ్డపీలికలు కుక్కి మూతి కుట్టేసినా సరిపోతుంది. చేతిని వాటేసుకుని తన్నబోయే సమయంలో ఆ బొమ్మను మధ్యలో పెడితే తన్నుడంతా దాని మీద తీర్చుకుంటుంది. పళ్ల వయసు కూడా ఇప్పుడే వస్తోంది. మూడున్నర నాలుగు నెలల మధ్య 26 పాలపళ్లు ఊడటం మొదలై, ఆరేడు నెలలకు 30 శాశ్వతమైన పళ్లు పూర్తిగా వస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్లు సలపడం వల్ల దేన్నైనా నమలాలనిపిస్తుంది. నమలడానికి బొమ్మ ఉంటే మీ వేళ్లు బతుకుతాయి. నిద్రపోతున్న పిల్లను మాత్రం ముద్దొచ్చిందని లేపి నిమరకండి.

పెద్దదయ్యాక పోతుందా అని అడిగారు. ఆట కాటు, మీరందరూ ఒక్క మాట మీద ఉంటే, వారాలలో తగ్గుముఖం పడుతుంది, ఏడాది నిండేసరికి చాలావరకు సద్దుమణుగుతుంది. "ఇక చాలు" కాటు స్వభావానికి సంబంధించినది. కొన్ని పిల్లులు గంటసేపు నిమిరించుకుంటాయి, కొన్ని జీవితాంతం అర నిమిషానికి మించి ఓర్చుకోవు. అలాంటి పిల్లి కూడా పక్కన ఆనుకుని పడుకుని తన ప్రేమ తెలుపుతుంది. ఇంట్లో స్థలం, వీలు ఉంటే ఇంచుమించు ఇదే వయసున్న మరో పిల్లను తెచ్చుకోవడం గురించి ఆలోచించండి. కొరుకుడు పాఠం మనకంటే అదే బాగా నేర్పుతుంది. వీలు కాకపోతే దిగులు పడనక్కరలేదు, ఒంటరిగా పెరిగిన పిల్లలు కూడా చక్కగా నేర్చుకుంటాయి.

ప్రశ్న: ఆడుతుండగా మా పిల్లికూన మా అమ్మాయి బొటనవేలిని గట్టిగా కరిచింది. పైకి రెండు చిన్న చుక్కలే కనిపిస్తున్నాయి, రక్తం కూడా పెద్దగా రాలేదు. దానికి ఇంకా టీకాలు వేయించలేదు. ఇంటి వైద్యం సరిపోతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: సరిపోదు, ఈ రోజే వైద్యునికి చూపించండి. పిల్లి పన్ను సన్నగా, సూదిలా ఉంటుంది కాబట్టి గాయం పైకి చిన్నగా, లోపలికి లోతుగా ఉంటుంది. పై రంధ్రం త్వరగా మూసుకుపోయి, పిల్లుల నోట్లో మామూలుగా ఉండే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి లోపల చిక్కుకుంటుంది. వేళ్ల కీళ్లు, నరాలు చర్మానికి బాగా దగ్గరగా ఉండటం వల్ల చేతి మీది కాటును ఎప్పుడూ తేలికగా తీసుకోకూడదు. ఒక్క రోజులోనే వాపు, ఎరుపు, పోటు రావచ్చు.

ఇది చదువుతున్న వెంటనే గాయాన్ని ధారగా పడే నీటి కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే పదిహేను నిమిషాలు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువసేపు. పసుపు, కారం, సున్నం వంటివేవీ పెట్టవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు. మీరు ఉండేది రేబిస్ ఉన్న ప్రాంతమైతే, చర్మం తెగిన ప్రతి కాటుకూ రేబిస్ టీకా, అవసరాన్ని బట్టి దానితోపాటు గాయంలో ఎక్కించే మందు గురించి వైద్యుడే నిర్ణయించాలి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కూడా ఆయనకు చెప్పండి. పిల్లికూనను పది రోజుల పాటు ఇంట్లోనే ఉంచి గమనించాలి, అయితే ఆ పది రోజులు గడిచాక చూద్దామని అమ్మాయి వైద్యాన్ని ఆపకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, సకాలంలో టీకా పడితే జబ్బు రాకుండా ఆపవచ్చు. పిల్లికి కూడా మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి.

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు. ఇన్నాళ్లూ ఎంత నిమిరినా ఊరుకునేది. పది రోజులుగా నడుము దగ్గర చేయి పడితే చాలు, బుసకొట్టి కరుస్తోంది. పిల్లప్పటి అలవాట్లు మళ్లీ వస్తాయా?
- మరో పాఠకురాలు

జవాబు: ఇది అలవాటు కాదనిపిస్తోంది. నిన్నటిదాకా ఇష్టంగా నిమిరించుకున్న పిల్లి, ఫలానా చోట తాకితేనే కరుస్తోందంటే, ముందుగా అక్కడ నొప్పి ఉందనే అనుకోవాలి. మరో పిల్లితో పోట్లాడినప్పుడు పడిన గాటు బొచ్చు కింద చీము పట్టి ఉండవచ్చు. ఎత్తు నుంచి పడి నడుముకు దెబ్బ తగిలి ఉండవచ్చు. బొచ్చులో చేరిన పురుగుల వల్ల నడుము, తోక మొదలు దగ్గర చర్మం పుండు పడటం కూడా తరచుగా చూస్తుంటాము. పిల్లులు నొప్పిని దాచుకోవడంలో ఆరితేరినవి. మూలగవు, కుంటవు, తిండి కాస్త తగ్గిస్తాయి, ఎక్కే చోటికి ఎక్కడం మానేస్తాయి, ఒళ్లు నాక్కోవడం తగ్గిస్తాయి. ఇవేవైనా కనిపిస్తున్నాయేమో చూడండి. మూత్రం సరిగా పోస్తోందో లేదో గమనించండి. మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కలు మాత్రమే పోస్తుంటే, ముఖ్యంగా అది మగపిల్లి అయితే, గంటలు కూడా ఆగకుండా తీసుకెళ్లాలి. నొప్పి ఉన్న చోట మీరు నొక్కి చూడవద్దు, మనుషులకు వాడే నొప్పి మాత్రలు అసలే వేయవద్దు. పారాసెటమాల్ చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీయగలదు. మెత్తటి తువ్వాలు పరిచిన బుట్టలో, పైన గుడ్డ కప్పి, రేపటిలోగా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ఎప్పటి నుంచి, ఏ వైపు తాకితే కరుస్తోందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళితే ఆయనకు ఎంతో ఉపయోగపడుతుంది.